సున్నం షావుకారు

చీపురుపల్లి బజారువీధిలో బెల్లం, చింతపండు, కల్లుప్పు అమ్ముకునే నగరేశ్వరరావుగారికి ఈ భూమ్మీద ఒక్కటే శత్రువు. గోడ మీద మరక. ఆ మరక తన గోడ మీద ఉందా, పక్కింటివాళ్ళ గోడ మీద ఉందా, పశువుల సాల గోడ మీద ఉందా అన్న భేదం ఆయనకు లేదు. కనబడిందంటే అన్నం సయించదు, బేరం తెగదు. ఎదురుగా మనిషి నిలబడి "అరవీసె బెల్లం బాబూ" అని అరుస్తున్నా, ఆయన చూపు ఆ మనిషి భుజం మీదుగా అవతలి గోడకు అతుక్కుపోయి ఉంటుంది. కాసేపటికి కొట్లో కాటా ఒక్కటే ఊగుతూ ఉంటుంది. షావుకారు ఉండరు. ఒక చేత్తో సున్నం బాల్చీ, ఇంకో చేత్తో కొబ్బరిపీచు కుంచె పట్టుకుని వీధికి అడ్డంపడి పోతూ ఉంటారు.

అందుకే ఆయన్ని నగరేశ్వరరావు అని పిలిచేవాళ్ళు ఊళ్ళో లేరు. సున్నం షావుకారు అంటేనే తెలుస్తుంది.

ఈ జబ్బు పెళ్ళిపీటల మీదే బయటపడిందని ఆయన భార్య సుభద్రమ్మ చెబుతుంది. బాజాలు మోగుతున్నాయి, అక్షింతలు పడుతున్నాయి, పెళ్ళికొడుకు వంగి రెండు ముళ్ళు వేసి మూడో ముడి దగ్గర ఆగిపోయాడు. పెళ్ళికూతురి తల వెనక గోడ మీద ఎవడో కిళ్ళీ నమిలి ఉమ్మిన ఎర్రటి చార! ముందు దాని మీద సున్నం కొట్టించండన్నాడట. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు లబలబలాడితే, ఆడపెళ్ళివారు పాలేరుని పరుగులెత్తించి ఆ చార కప్పించాక గానీ మూడోముడి పడలేదు.

"నా మెళ్ళో రెండు ముళ్ళే నావి. మూడోది గోడకేసేరు మావారు" అని సుభద్రమ్మ ఇప్పటికీ పేరంటాలకెళ్ళినప్పుడల్లా చెప్పుకుని నవ్విస్తుంది.

గంగులు ఎర్రెద్దు సంగతి ఇంకా ఘోరం. గానుగ ఆడించుకునే గంగులు ఓ మధ్యాహ్నం తన ఎద్దుని షావుకారుగారి గోడ వారగా నీడకి కట్టి అటు వెళ్ళాడు. తిరిగొచ్చి ఎద్దు పోయిందని ఊరంతా గాలించి, ఏడుపుమొహంతో మళ్ళీ ఆ గోడ దగ్గరికే వచ్చి కూలబడ్డాడు. పక్కనే తెల్లెద్దు ఒకటి ఆప్యాయంగా గంగులు చెవి నాకింది.

"ఇదేటి షావుకారూ! నా ఎద్దుకి సున్నం కొట్టేసేవా?"

"నానేటి సేసేదిరా? సగం గోడ కొట్టి మద్దిలో ఎద్దుందని ఒగ్గేస్తానేటి? ఎద్దుదేటుంది, రేపు కడిగేసుకోవచ్చు. గోడ సూడు, ఎంత ముద్దుగున్నాదో!"

ఊరి పొలిమేరలో మైలురాయి కూడా ఆయన చేతిలో పడింది. దాని మీద నల్లటి అంకెలున్నాయి కదా, అవి ఆయన కంటికి మరకల్లాగే కనబడ్డాయి. ఆ తరవాత కొన్నాళ్ళు దారినపోయేవాళ్ళు విజయనగరం ఎంత దూరమని ఆ రాయిని అడిగితే అది అమాయకంగా తెల్లమొహం వేసేది.

అలాంటి మనిషి బతుకు మీదకి పంతొమ్మిదివందల అరవై తొమ్మిదో సంవత్సరం వచ్చిపడింది.

ఆ ఏడు జిల్లాలో గోడలకి నోరొచ్చింది. కొండల్లో పోడు కొట్టుకునేవాళ్ళు మా భూమి మాకిమ్మని లేచారు. మైదానంలో కౌలుదార్లు, కూలీలు తలెత్తి చూడడం మొదలెట్టారు. అడిగినవాళ్ళకి జవాబు చెప్పడం చేతగాని ప్రభుత్వం క్యాంపులు పెట్టి తుపాకులు దింపింది. జీపులో ఎక్కించుకుపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవారు, కొందరు రాలేదు. నోటితో మాట్లాడితే ప్రమాదమైన రోజుల్లో జనం గోడలతో మాట్లాడించారు. తెల్లారేసరికి ఏ గోడ మీద ఏం రాసుందోనని భూస్వాములైన బుగతలు కళ్ళు నలుపుకుంటూ వీధిలోకి వచ్చేవారు.

చీపురుపల్లిలో ఆ రాతలు రాస్తున్నది ఎవరో ఎవరికీ తెలియదు. కాలేజీ కుర్రాళ్ళని పట్టుకుని వేళ్ళకి రంగుందేమోనని చూశారు. ప్రెస్సులో పనిచేసేవాళ్ళని కొట్టారు. సైకిలు మీద తిరిగే ప్రతివాడి సంచీ వెతికారు. షావుకారుగారి అరుగు పక్క గదిలో అద్దెకుండే కన్యాకుమారిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

కన్యాకుమారి ఆడపిల్లల బడిలో పంతులమ్మ. ఇచ్ఛాపురం వైపు పిల్ల. తండ్రి కౌలురైతు. బుగత కళ్ళంలో ధాన్యం పుచ్చుకునేటప్పుడు ఒక కుంచం, కూలి కొలిచేటప్పుడు ఇంకో కుంచం ఉండడం, ఆ రెండోది మొదటిదాని కడుపులో సులువుగా ఇమిడిపోవడం ఆమె చిన్నప్పుడే చూసింది. ఆ చూసింది ఆమె మర్చిపోలేదు, అంతే.

ఆమె రాసే పద్ధతి చాలా సులువైనది. తొలికోడి కూశాక ఆడవాళ్ళందరూ వీధిలోకి వస్తారు. కల్లాపి చల్లుతారు, ముగ్గు పెడతారు, గోడల అడుగున జాజు పూస్తారు. ఆ వేళప్పుడు ఎర్రమన్ను గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డ ఆడదాన్ని ఏం చేస్తున్నావని అడిగినవాడికి మతి లేనట్టే. కన్యాకుమారి జాజులో కాస్త తుమ్మజిగురు కలుపుకుని, ముగ్గుబుట్ట చంకనపెట్టుకుని, మసకచీకట్లో నాలుగు బారల నినాదం రాసేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కాఫీ పెట్టుకునేది.

రాతగాళ్ళని పట్టుకోవడానికి బజారువీధిలో కాపలా వేసిన హెడ్డు కానిస్టేబులు అప్పలస్వామి ఆ పని ఎన్నోసార్లు కళ్ళారా చూశాడు. ఒకసారి ఆయన ఆనుకుని కూర్చున్న గోడే ఆమెకి కావలసివచ్చింది.

"కాస్త పక్కకి జరగండి హెడ్డుగారూ, జాజు పులమాల."

"అలగేనమ్మా. ఇదిగో, గిన్నె ఇలగియ్యి, నాను పట్టుకుంటాను. ఎంత పొద్దున్నే లేస్తారమ్మా మీరు! మాయావిడా ఉన్నాది, సూరుడు నెత్తికెక్కినా లేవదు."

ఆయన గిన్నె పట్టుకుని అటు తిరిగి ఆవులిస్తూ కూర్చుంటే, ఇటు ఆమె "కొండ పంట కొండవాడిదే" అని రాసింది. థాంక్సండీ అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

పోలీసుల వల్ల ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఇంటి యజమానితోనే.

ఆమె రాసి వచ్చి కాఫీ తాగేలోపల సున్నం షావుకారు లేస్తారు. వీధిలోకి వచ్చి అటూ ఇటూ ముక్కు ఎగబీలుస్తారు, మరక వాసన తెలుస్తుందన్నట్టు. బాల్చీ తీస్తారు. సూర్యుడు పైకొచ్చి, కూలిజనం పనుల్లోకి పోయే వేళకి ఆ గోడ పాలరాయిలా మెరిసిపోతూ ఉంటుంది. వారాల తరబడి ఇదే వరస. తను రాసిన ఒక్క అక్షరాన్నయినా పగటి వెలుగులో చూసుకునే భాగ్యం కన్యాకుమారికి కలగలేదు. కోమటివీధిలో రాస్తే కోమటివీధికి వచ్చారు. గంగులు గానుగ గోడ మీద రాస్తే అక్కడికీ వచ్చారు. కోళ్ళు పెంచుకునే గురమ్మ పాక గోడ జానెడు, దాని మీద ఒక్క మాట రాస్తే, ఆ జానెడుకీ సున్నం కొట్టి, ఎలాగూ బాల్చీలో మిగిలింది కదా అని గురమ్మ కోళ్ళగూడుకి కూడా కొట్టి వచ్చారు.

ఒకనాడు ఇక పట్టలేక అడిగేసింది.

"బాబాయిగారూ, ఆ రాతలు మిమ్మల్ని ఏటి సేసేయండి? అంత మంటేటి మీకు?"

"రాతలా? ఎవులు సదివేరమ్మా? నాకు ఎర్రమరకే కనిపిస్తాది."

"మరక కాదండి, అది పేదోళ్ళ మాట. ఆ మాట మీద సున్నం కొడితే బుగతల కొమ్ము కాసినట్టే."

"నానెవల కొమ్మూ కాయనమ్మా. కొమ్ములుంటే వాటికీ సున్నం కొడతాను. గంగులు ఎద్దునడుగు."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? కన్యాకుమారి పళ్ళు నూరుకుంటూ గదిలోకి పోయి తలుపేసుకుంది.

దీనికి తోడు, రైసుమిల్లు యజమాని నరసింగరావునాయుడు షావుకారుగారిని మిల్లుకి పిలిపించి సభ చేశాడు. ఊరి చుట్టూ ఉన్న కళ్ళాల్లో సగం ఆయనవే, ఆ రెండు కుంచాలూ ఆయనవే. క్యాంపు నుంచి కొత్తగా వచ్చిన ఇనస్పెక్టరు చేత షావుకారుగారికి దండ వేయించి, మన ఊరి గోడల కాపలాదారు ఈయనేనని పొగిడించాడు. షావుకారుగారు ఆ పొగడ్త అంతా వింటూ మిల్లు పొగగొట్టం మీది మసివైపు చూస్తూ ఉండిపోయారు. సభ కాగానే నాయుడు చెవిలో, "అంతెత్తుకి నిచ్చెన దొరుకుతాదా?" అని అడిగారట.

దండ మెడలో వేసుకుని ఇంటికొస్తున్న ఆయన్ని చూసి కన్యాకుమారి, 'వీడు అసలు సిసలు దళారీ' అని తీర్మానించుకుంది.

కోతలు దగ్గరపడ్డాయి. చుట్టుపక్కల పల్లెల కూలీలు ఈసారి ఒకే మాట మీద నిలబడాలని లోపల్లోపల అనుకున్నారు. ఆ మాట ఊరూరా అందాలంటే సంతరోజే దారి. సంతకి నాలుగు దిక్కుల జనం వస్తారు. వాళ్ళు నడిచే దారి బజారువీధే. సంతనాడు పొద్దుటి నుంచి సాయంకాలం దాకా ఒక్క గోడ, ఒకే ఒక్క గోడ, ఆ మాటని మోసుకుని నిలబడితే చాలు. అదే కన్యాకుమారి కోరిక. దానికి అడ్డం ప్రభుత్వం కాదు, తుపాకులు కాదు. ఓ బాల్చీడు సున్నం.

సరిగ్గా అప్పుడే ఆమెకి అదృష్టం ఇనస్పెక్టరు రూపంలో కలిసొచ్చింది. ఆయన నినాదాల ఫొటోలు తీయించి, ఆ దస్తూరీ ఎవరిదో పోల్చాలనుకున్నాడు. ఎర్రరాత ఉందన్న చోటల్లా తెల్లగోడలే. మండిపడి, మొన్న దండ వేసిన చేత్తోనే షావుకారుగారి మొహం మీద వేలు ఆడించాడు.

"నువ్వు సాక్ష్యాన్ని చెరిపేస్తున్నావయ్యా! ఇకనుంచి నేను చెప్పేదాకా ఏ గోడ మీదా సున్నం పడకూడదు. పడితే లోపలేస్తాను, తెలిసిందా?"

"గోడలు ముట్టుకోకూడదా బాబూ?"

"ఒక్క గోడ కూడా!"

షావుకారుగారి మొహం పాలిపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదని సుభద్రమ్మ చెబితే కన్యాకుమారి సంతోషం పట్టలేక రెండు ముద్దలు ఎక్కువ తింది.

సంత ముందురోజు తొలికోడి కూశాక ఆమె తిన్నగా వెళ్ళి, ఊరంతటికీ తెల్లనిదీ, పొడుగైనదీ, తన కసి తీరేదీ అయిన గోడ మీద రాసింది. అది షావుకారుగారి వీధిగోడే. "ఇచ్చే కుంచం, పుచ్చుకునే కుంచం ఒక్కటే కావాలి" అని ఈ చివర నుంచి ఆ చివరకి నిలువెత్తు అక్షరాలు. రాసి, ఇంటి ముందు రోజూలాగే ముగ్గుపెట్టి, లోపలికెళ్ళి కాఫీ తాగింది. ఈసారి బాల్చీ చప్పుడు వినబడలేదు. ఎండ వచ్చింది. తన అక్షరాలు పగటిపూట ఎలా ఉంటాయో చూసుకుందామని మొదటిసారి వీధిలోకి వచ్చింది.

చూసింది. రెండడుగులు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది.

అక్షరాలు బాగానే ఉన్నాయి. వాటి కింద, ఈ చివర నుంచి ఆ చివరకి, ఒక జంటగీత. గీతకి రెండు కొసలా మూడేసి రేకుల మొగ్గ.

ముగ్గుకి జంటగీత లేకపోతే అశుభమని చిన్నప్పుడు నేర్చుకున్న చెయ్యి అది. గీతకి కొసన మొగ్గ పెట్టడం వాళ్ళ అమ్మమ్మ అలవాటు. ఆ మొగ్గ ఈ ఊళ్ళో ఇంకెవరూ పెట్టరు. మసకచీకట్లో, మనసు విప్లవం గురించి ఆలోచిస్తుంటే, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఈ గోడకే కాదు, ఇన్నాళ్ళూ రాసిన ప్రతి గోడకీ! పగలు చూసుకుంటే కదా తెలియడానికి?

తల తిప్పి చూస్తే తన గుమ్మం ముందు ముగ్గు, జంటగీత, మూడు రేకుల మొగ్గ. సంతకం చేసి, పక్కనే చిరునామా రాసినట్టుంది.

చీపురు కోసం లోపలికి పరుగెత్తబోయింది. ఎదురరుగు మీద అప్పలస్వామి లాఠీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టిన ముగ్గుని పెట్టిన గంటకే చెరుపుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? స్టేషనువైపు విజయనగరం బండి కూతపెట్టింది. ఇనస్పెక్టరు పిలిపించిన ఫొటోలు తీసే మనిషి అందులోనే వస్తున్నాడు.

అప్పుడు వీధి ఆ మొగలో గోల లేచింది.

"ఓలమ్మో! మా ముగ్గు! షావుకారూ, నీకేటి మతి పోనాదా?"

"నీ సున్నం సల్లగుండ! పెద్దపీట ముగ్గు, గంటసేపు ఏసేను!"

సున్నం షావుకారు వస్తున్నారు. ఈసారి కుంచె లేదు. అటొక బాల్చీ, ఇటొక బాల్చీ. ప్రతి ఇంటి ముందూ ఆగడం, బాల్చీ ఎత్తి గుమ్మరించడం, కాలితో పులిమేయడం, ముందుకి నడవడం. వెనక ఆడవాళ్ళ తిట్లు ఊరేగింపులా వస్తున్నాయి. సుభద్రమ్మ తలుపు దగ్గర నెత్తి బాదుకుంటోంది.

"గోడలొద్దంటే ఈదికి పట్టేడమ్మా! రేపు నా నెత్తి మీద కొడతాడు!"

ఆయన కన్యాకుమారి గుమ్మం దగ్గరికి వచ్చి మిగిలిన బాల్చీ ఎత్తి, మూడు రేకుల మొగ్గ మీదుగా ముగ్గంతా ముంచేసి, ఆమె కాళ్ళకి పట్టీల్లా సున్నం చింది పడగా, "జారిపోగలవు, లోపలికెల్లమ్మా" అని మాత్రం అన్నారు.

జీపు వచ్చింది. ఇనస్పెక్టరు దిగాడు, జారాడు, అప్పలస్వామి పట్టుకున్నాడు. ఫొటోలవాడు గోడని అటునుంచీ ఇటునుంచీ తీశాడు. ఇనస్పెక్టరు కళ్ళు ఆ జంటగీత మీద పడ్డాయి.

"ఈ పువ్వేమిటి? అప్పలస్వామీ, ఇది ముగ్గుగీత కదూ?"

అప్పలస్వామి ముందుకొంగి చూశాడు. ముగ్గుగీత, ఆడమనిషి, తెల్లవారుజాము, జాజుగిన్నె... ఒకదాని పక్కన ఒకటి ఆయన బుర్రలో వరసగా వచ్చి కూర్చున్నాయి. ఆ గిన్నె ఎవరు పట్టుకున్నారో గుర్తొచ్చేసరికి ఆయన మొహం గోడకంటే తెల్లబడింది. ఉద్యోగం, పింఛను, మీసం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి.

"ముగ్గేటి బాబూ, సాలెపురుగై ఉంటాది" అన్నాడు.

"నోర్ముయ్! రాసింది ఆడది. ఈ వీధిలో ప్రతి ఇంటి ముందు ముగ్గూ నాకు చూపించు."

చూపించడానికేముంది? ఈ చివర నుంచి ఆ చివరిదాకా వీధి పాలసముద్రంలా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు ఇనస్పెక్టరు.

షావుకారుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తమరు గోడలు ముట్టుకోవద్దన్నారు. నాను ముట్టుకోలేదు బాబూ, సూసుకోండి. నేల సంగతి తమరు సెప్పలేదు. చెయ్యి ఊరుకోదు బాబూ, రాత్రల్లా తిండి కూడా లేదు."

"అయితే ఆడవాళ్ళందర్నీ పిలవండి! నా ఎదురుగా మళ్ళీ ముగ్గు పెట్టమనండి, ఇప్పుడే!"

అందరూ వచ్చారు. ఇందాక తిట్టిన నోళ్ళే. కానీ ఇనస్పెక్టరు గదమాయింపు చూశాక వాళ్ళ కోపం దిశ మార్చుకుంది. సుభద్రమ్మ ముగ్గుపిండి గుప్పిట పట్టుకుని ముందుకొచ్చింది.

"పెడతాం బాబూ, మాకేటి కష్టం? కానీ తెల్లనేల మీద తెల్లముగ్గు. తమరికెలగ కనిపిస్తాదో సెప్పండి, అలగే పెడతాం."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వడానికి మొదటి మనిషి దొరికితే చాలదూ? గురమ్మ నవ్వింది, గంగులు నవ్వాడు. ఆఖరికి ఫొటోలవాడు కూడా కెమేరా వెనక మొహం దాచుకున్నాడు. ఇనస్పెక్టరు షావుకారుగారిని లోపలేద్దామనే అనుకున్నాడు. కానీ మొన్న తనే దండ వేసి పొగిడిన మనిషిని ఇవాళ తనే పట్టుకెళితే పైవాళ్ళకి ఏం చెప్పుకుంటాడు? బూట్లకి సున్నంతో జీపెక్కాడు. ఎక్కుతూ ఆఖరి ఆజ్ఞ ఇచ్చాడు.

"ఈ గోడ సాక్ష్యం! పెద్దదొరగారు వచ్చి చూసేదాకా ఒక్క అక్షరం చెరగడానికి వీల్లేదు. అప్పలస్వామీ, రాత్రీ పగలూ ఇక్కడే కాపలా ఉండు!"

జీపు పోయాక కన్యాకుమారి షావుకారుగారి కొట్లోకి వెళ్ళింది. ఆయన చింతపండు బుట్ట వెనక, వీధిగోడ కనబడకుండా, గోనెపట్టా అడ్డం కట్టుకుని కూర్చున్నారు.

"బాబాయిగారూ... మీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏటి తెలుసు?"

"అదేనండి. మొగ్గ."

ఆయన ఇటూ అటూ చూసి గొంతు తగ్గించారు. "మొదటి గోడ నుంచీ. అరుగు దిగితే నీ ముగ్గు, తలెత్తితే నీ గోడ. గోడకేసి సూడ్డం తప్ప నాకేటి పనమ్మా? అచ్చరాలు రాస్తే రాసేవు, కింద ముగ్గు పూలెందుకే తల్లీ, అడ్రసు సెప్పినట్టు? పొద్దెక్కకుండా నాను గానీ లేవకపోతే ఏటయ్యేది? మోకాళ్ళు అరిగిపోయేయి నీతోటి."

"మరి... మరకంటే మీకు పడదనీ..."

"పడదు. ఇప్పుడూ పడదు. గోనెపట్టా కట్టుకున్నాను, కనిపించట్లేదేటి? కానీ రైలు స్టేషను గోడ మీద కుర్రోళ్ళు తారుతోటి రాసేరు, దసరాలనుంచీ ఉన్నాది. దాన్ని ముట్టుకున్నానా?"

నిజమే. ఆ తారు రాతల పక్కనుంచి రోజూ బడికి వెళుతోంది తను. మైలురాయిని వదలని మనిషి ఆ గోడని ఎందుకు వదిలాడని ఒక్కనాడూ అనుకోలేదు. వర్గాలూ దళారీలూ అని పెద్ద పెద్ద లెక్కలు వేసిన బుర్రకి పక్కనున్న మనిషి అంతుపట్టలేదు.

"మిమ్మల్ని నాను ఎన్ని మాటలన్నానో!"

"అన్నావులే. సుభద్రమ్మ అనే దాంట్లో సగం కూడా లేవు. ఎల్లు, బడికి ఆలీసమైపోతన్నాది."

మర్నాడు సంత. కావిళ్ళు, తట్టలు, మేకలు, పిల్లాజెల్లా, జనం నదిలా బజారువీధిలోకి పారింది. మామూలుగా అయితే గోడ మీద ఏముందో సగంమంది చూడకుండానే పోయేవారు. కానీ గోడ ముందు లాఠీతో ఓ హెడ్డు నిలబడి ఉంటే చూడనివాడెవడు?

"బాబూ, ఏటి రాసుందక్కడ?" అని అడిగింది దేముడమ్మ, గడ్డిమోపు దించి. ఆమె కోతకూలి. చదువు రాదు.

"సదవకూడదు. గవర్నమెంటు సాచ్చికం" అన్నాడు అప్పలస్వామి.

"నాకు సదువేదీ? ఏటి సదవకూడదో సెప్తే కదా సదవకుండా ఉంటాను?"

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే తోచింది ఆయనకి. "ఇచ్చే కుంచం, పుచ్చుకునే కుంచం ఒక్కటే కావాలి అని రాసేరు. అది సదవకూడదు."

"ఒక్కటే కావాలనా?"

"ఒక్కటే కావాలని. ఎల్లెల్లు."

ఆమె వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. పొద్దుటినుంచి సాయంకాలందాకా అప్పలస్వామి ఏం చదవకూడదో అందరికీ ఓపిగ్గా చెప్పాడు. వెనకున్నవాళ్ళకి వినబడడం లేదంటే గొంతు పెంచి చెప్పాడు. మధ్యాహ్నానికి ఆయన గొంతు పోతే, పంతులమ్మ బడినుంచి వస్తూ మజ్జిగ ఇచ్చింది.

"ఇంకెప్పుడూ నా సేతికి గిన్నె ఇవ్వకమ్మా" అన్నాడాయన, మజ్జిగ గ్లాసు అందుకుంటూ, ఎటో చూస్తూ.

కోతలు మొదలయ్యాయి. నరసింగరావునాయుడి కళ్ళంలో మొదటిరోజే దేముడమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఆ పెద్ద కుంచంతోనే మాకూ కొలవండి బాబూ" అంది. కాదంటే కొడవళ్ళు కింద పెట్టి గట్టున కూర్చున్నారు అందరూ. వరి ఒరిగిపోతుంటే నాయుడు ఒకరోజు బిగుసుకున్నాడు, ఇంకోరోజు తిట్టాడు. చివరికి పెద్ద కుంచమే బయటికి తెప్పించాడు. మిగతా కళ్ళాల్లోనూ ఒక్కొక్కటిగా అదే కుంచం ఆడసాగింది. ఊళ్ళో ఎవరూ కేకలు వెయ్యలేదు, ఊరేగలేదు. గింజలు కాస్త నిండుగా ఇంటికెళ్ళాయి.

ఇంకా కొన్ని పల్లెల్లో కోతలు మిగిలి ఉండగా, అప్పలస్వామి పరుగున షావుకారుగారి కొట్టుకి వచ్చాడు.

"షావుకారూ, నీ కట్టాలు గట్టెక్కేయి! పెద్దదొరగారు రారంట. నీ గోడకి సున్నం కొట్టుకోమన్నారు. నాకూ ఇంటికెల్లిపోమని సెలవిచ్చేరు!"

గోనెపట్టా చటుక్కున పక్కకి జరిగింది. షావుకారుగారి కళ్ళు చింతనిప్పుల్లా వెలిగాయి. ఒక్క గంతులో పెరట్లోకి వెళ్ళారు. గుల్లసున్నం కుండలో నీళ్ళు పడ్డ చప్పుడు, బుసబుస పొంగిన చప్పుడు. కుంచె జాడించిన చప్పుడు. బాల్చీతో సహా వీధిలోకి వచ్చి, గోడ ముందు నిలబడి, పంచె ఎగ్గట్టి, కుంచె ముంచి పైకెత్తారు. అప్పుడే కన్యాకుమారి బడినుంచి వస్తూ ఆగిపోయింది.

ఎత్తిన కుంచె నుంచి సున్నం ఆయన మోచేతి మీదుగా చంకలోకి కారుతోంది.

"అమ్మా, అన్ని పల్లెల్లోనూ కోతలైపోనాయేటి?"

"లేదండి. గెడ్డ నీళ్ళు దాటి అవతల పల్లెలున్నాయింకా. వాళ్ళు వచ్చే సంతకి వస్తారు."

షావుకారుగారు ఎర్రటి అక్షరాల్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశారు. ఒళ్ళంతా దురద పుట్టినట్టు ఒకసారి జలదరించారు. తరవాత కుంచె బాల్చీలోకి దించి, సున్నాన్ని వేళ్ళమధ్య నలిపి, మొహం చిట్లించారు.

"అబ్బే, సున్నం ఇంకా నానలేదు. వచ్చే సంత దాకా నానాల" అని బాల్చీ పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు.